రిటైరైన టీచరమ్మకి మళ్ళీ బడెందుకట?

"ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పింది చాలదా, మళ్ళీ ఆ బడి గోల ఎందుకు? నువ్వయినా చెప్పకూడదూ మీ అత్తగారికి!"

ఏడాదిగా ఈ మాట నన్ను అడగనివాళ్ళు లేరు. మా ఆడపడుచు ఫోన్లో అడిగింది. పెళ్ళిలో కనపడ్డ పిన్నత్తగారు పక్కకి పిలిచి మరీ అడిగారు. ఎదురు ఫ్లాటు ఆవిడైతే కొత్తిమీర కోసం వచ్చి, కొత్తిమీర సంగతి మర్చిపోయి ఇదే అడిగింది. చిత్రం ఏమిటంటే, ఒక్కరూ మా అత్తయ్యగారిని అడగరు. ఆవిడ గురించి నన్ను అడుగుతారు. అందుకే తలా ఒక సమాధానం చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

సంగతి ఇదీ. మా అత్తయ్యగారు మునిసిపల్ స్కూల్ టీచరుగా చేసి 62 ఏళ్ళకి రిటైరయ్యారు. మా వీధి చివర ఎనిమిదో తరగతి దాకా ఉన్న మునిసిపల్ బడి ఒకటుంది. ఆ బడి యాజమాన్య కమిటీలోకి చదువు గురించి తెలిసిన స్థానికురాలిగా ఆవిడని తీసుకున్నారు. జీతం లేదు. కారు లేదు. మీటింగులో ఇచ్చే టీ, రెండు బిస్కెట్లు తప్ప ముట్టేది ఏమీ లేదు. రెండు నెలలకోసారి మీటింగు, మధ్యలో వారానికి ఒకటి రెండు సార్లు అలా వెళ్ళి చూసి రావడం. ఇంతే. దీనికి మా బంధువర్గం మొత్తం ఇల్లు తగలబడిపోతున్నట్టు కంగారు పడుతోంది.

అదే ఇంట్లో మా మావయ్యగారున్నారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అయిన మూడో నెలకే అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. పొద్దున వాకర్స్ క్లబ్బు, సాయంత్రం లిఫ్టు వాళ్ళతో గొడవ, కార్తీక మాసంలో వనభోజనాల చందాలు. ఇంటికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి తొమ్మిది. "ఈ వయసులో మీకిదంతా ఎందుకు బాబాయిగారూ?" అని ఆయన్ని అడిగినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. పైగా "ఖాళీగా కూర్చోకుండా ఎంత చురుగ్గా ఉన్నారండీ!" అని మెచ్చుకుంటారు. మగవాడు రిటైరైతే ఊరి పెద్దవుతాడు. ఆడది రిటైరైతే మనవల ఆయా అవుతుంది. ఈ లెక్క ఎవరు వేశారో గానీ, మనందరం నోరెత్తకుండా ఒప్పేసుకున్నాం.

అసలు ఈ కమిటీ ఏమిటో తెలిస్తే ఆ "ఎందుకు" అన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ, మునిసిపల్ బడికీ, ఎయిడెడ్ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మిగిలిన పాతిక శాతంలోనే స్థానిక ప్రజాప్రతినిధి, టీచర్లు, మా అత్తయ్యగారిలాంటి వాళ్ళు. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధికి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో గమనించడం వీళ్ళ పని. వంద కుర్చీలు వేసి దండలు మార్చుకునే సంఘం కాదిది.

డబ్బు కూడా ఊరికే మాటవరసకి కాదు. మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు–నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే చేయించారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, స్వయం సహాయక సంఘాల మహిళలకి బడి మరమ్మతుల బాధ్యత ఇచ్చారు. అంటే గోడకి సున్నం నుంచి కుళాయి దాకా ఆడవాళ్ళ సంతకం మీద డబ్బు కదులుతోంది. సంతకం మనదైనప్పుడు లెక్క కూడా మనకి తెలియాలి కదా? "ఇక్కడ పెట్టమ్మా, ఇంకో చోట కూడా పెట్టు" అంటే పెట్టేసి వచ్చే సంతకం, వేలిముద్రకన్నా ఏం గొప్ప?

ఇక్కడే రిటైరైన టీచరు విలువ. ఉద్యోగంలో ఉన్న టీచరుకి అన్నీ తెలుసు. కానీ మాట్లాడితే మెమో వస్తుందని భయం, బదిలీ భయం, ఇంక్రిమెంటు భయం. పిల్లల తల్లులకి ఆ భయాలు లేవు గానీ, హాజరు పట్టీ ఎలా చూడాలో, స్టాక్ రిజిస్టరులో ఏ గడి ఏమిటో, క్యాష్ బుక్కుకీ పాస్‌బుక్కుకీ ఎక్కడ తేడా వస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రెండూ ఉన్న మనిషి ఒక్కరే, రిటైరైన టీచరు. రికార్డులన్నీ ఒకప్పుడు తన చేత్తో రాసిన మనిషి. పెన్షన్ బ్యాంకులో పడుతుంది, ఇక మెమో ఇవ్వగల మొనగాడు లేడు. ఇలాంటి మనిషిని ఇంట్లో చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చోబెడితే నష్టం బడికి. చిక్కుళ్ళు ఎవరైనా ఒలవగలరు.

"మాకు లెక్కలు రావండీ" అనే తల్లులకి అత్తయ్యగారు చెప్పిన లెక్క ఒకటి చెబుతాను. మధ్యాహ్న భోజనానికి ఒక కొలత ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. చిన్న తరగతుల్లో 120 మంది, పెద్ద తరగతుల్లో 80 మంది వచ్చారనుకోండి. ఎసట్లో పడాల్సింది 24 కిలోల బియ్యం. పప్పు 4 కిలోల 800 గ్రాములు. కూరగాయలు 12 కిలోలు. నూనె కిలో 200 గ్రాములు. ఇప్పుడు చెప్పండి, రోజూ గ్లాసు కొలతతో బియ్యం పోసే మనకి, ఉగాది నాడు ముప్ఫై మందికి పులిహోర ఎంత కలపాలో కాగితం లేకుండా చెప్పే మనకి, ఇది అర్థం కాని లెక్కా? గరిటె ఎత్తితే పప్పుచారులో పప్పు ఎంతుందో చెప్పగలిగే చూపు ఏ ఆఫీసరుకి ఉంది? ఇంటి పని మనకి నేర్పిన విద్యే అక్కడ తనిఖీకి పనికొస్తుంది. దాన్ని ఇంటికే పరిమితం చేయమని ఎవరన్నారు?

పప్పు తగ్గితే వెంటనే వండే అమ్మల మీద పడకూడదని కూడా ఆవిడే చెప్పారు. సరుకు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, బిల్లులు ఎన్ని నెలలు ఆగాయి అని ముందు అడగాలి. బిల్లు రాకపోతే వాళ్ళు అప్పు చేసి వండుతారు. గిన్నె చూసి మనిషిని తిట్టడం తేలిక. కాగితం చూసి కారణం పట్టుకోవడానికే ఓపిక కావాలి.

ఇక రెండో ప్రశ్న. "మన పిల్లలు ఆ బడిలో లేరు కదా, మనకెందుకు?" దీన్ని కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, కాస్త సిగ్గుందేమో. అవును, మా పిల్లలు ప్రైవేటు బడికే వెళ్తున్నారు. మీలో చాలామంది పిల్లలూ అంతే. అయితే ఒక తమాషా చూడండి. చట్టం చెప్పిన ఈ కమిటీ ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకి వర్తించదు. వేలకు వేలు ఫీజు కట్టి, బస్సుకి వేరే, యూనిఫారానికి వేరే కట్టి, "ఈ ఏడాది ఫీజు ఎందుకు పెరిగింది సార్?" అని అడగడానికి కౌంటరు దగ్గర క్యూలో నిలబడతాం. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి మాత్రం తన కూతురు చదివే బడి పాస్‌బుక్కు చూపించమని అడిగే హక్కు చట్టం ఇచ్చింది. మనకన్నా ఆమెకే ఎక్కువ హక్కుంది. ఆ హక్కు సంగతి ఆమెకి తెలియదు, తెలిసినవాళ్ళం మనం ఆ బడి గుమ్మం తొక్కం. చదువుకున్న కుటుంబాలు వదిలేసిన బడి ఎలా బాగుపడుతుంది? వదిలేసి, "ఛీ, ఆ బళ్ళు బాగుండవండీ" అని మళ్ళీ మనమే అంటాం.

ఇప్పటిదాకా చెప్పినవి తేలిక అభ్యంతరాలు. ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది మా బంధువులెవరూ అడగలేదు, మా పనమ్మాయి అడిగింది. "టీచరమ్మగారు కూర్చుంటే మేమేం మాట్లాడతామమ్మా?"

ఇది నిజం. టీచర్లకి ఒక గొంతుంటుంది. ముప్ఫై ఏళ్ళు "నిశ్శబ్దం!" అని అరిచిన గొంతు. ఆ గొంతు కమిటీలోకి వస్తే తల్లులు మళ్ళీ విద్యార్థులైపోతారు, చేతులు కట్టుకుని కూర్చుంటారు. చట్టం నాలుగింట మూడు వంతుల కుర్చీలు తల్లిదండ్రులకిచ్చింది, అధ్యక్ష స్థానం కూడా వాళ్ళలోంచే ఎన్నుకోమన్నారు, అది ఊరికే కాదు. చదువుకున్నవాళ్ళు వచ్చి పేదవాళ్ళ తరఫున మాట్లాడేసి వెళ్ళిపోతే, పేదవాళ్ళ నోరు ఎప్పటికీ తెరుచుకోదు. అందుకని రిటైరైన టీచర్లంతా కమిటీల్లో దూరిపోవాలని నేననడం లేదు. అక్కడ కూడా హెడ్మాస్టరు కుర్చీ కావాలనుకునేవాళ్ళు ఇంట్లోనే ఉండటం మంచిది. కమిటీలో ఆవిడ పని పాఠం చెప్పడం కాదు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత నోరు మూసుకుని తల్లుల్ని అడగనివ్వడం.

మా బడి కమిటీలో మీటింగులు పగలు పదకొండింటికి పెట్టేవారు. పదకొండింటికి ఏ తల్లి వస్తుంది? నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడ రాగలదా? బట్టల షాపులో నిలబడే ఆవిడ రాగలదా? రోజు కూలి పోతుంది. వచ్చేది ముగ్గురు. మిగతా అందరి ఇళ్ళకీ రిజిస్టరు వెళ్ళి సంతకాలు తెచ్చుకునేది. కొందరి బదులు మొగుళ్ళు వచ్చి కూర్చునేవారు. సర్పంచి భార్య పేరు, కుర్చీ భర్తది అన్న కథలు పల్లెల గురించి చెప్పుకుని నవ్వుకుంటాం గానీ, పట్నంలోనూ అదే తంతు. అత్తయ్యగారు అడిగింది రెండే రెండు. ఒకటి, మీటింగు సాయంత్రం ఐదున్నరకి పెట్టండి. రెండు, ఎన్నికైన తల్లే రావాలి, ఆమె తరఫున ఇంకొకరు కాదు. దీనికే మూడు మీటింగులు వాదించాల్సి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదిమంది, పదిమంది వస్తున్నారు, కొందరు చంకలో పిల్లాడితో. ముందు ఆవిడ పాస్‌బుక్కు గట్టిగా చదివేవారు. ఇప్పుడు ఏడో తరగతి పిల్ల తల్లి ఒకామె చదువుతోంది, కూడబలుక్కుని అయినా తనే చదువుతోంది.

ఇక నాకు ఒళ్ళు మండిన సంగతికి వస్తాను. ఆ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకి నీళ్ళు లేవు. గదులున్నాయి, తలుపులున్నాయి, రంగులు కూడా కొత్తగా వేశారు. మోటారు కాలిపోయింది, నాలుగు నెలలైంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు ఉండి తీరాలని అదే చట్టం చెబుతోంది. కట్టారుగా అంటారు. నీళ్ళు లేని మరుగుదొడ్డి ఉండి ఏం లాభమో మగవాళ్ళకి విడమర్చి చెప్పాలేమో గానీ మీకు చెప్పక్కర్లేదు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు పొద్దున ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేసి బడికొస్తున్నారు, మధ్యలో వెళ్ళాల్సిన అవసరం రాకూడదని. నెలలో నాలుగు రోజులు అసలు రావడమే లేదు. హాజరు పట్టీలో ఆ నాలుగు రోజుల ఖాళీలు వరసగా కనిపిస్తాయి, చూడటం తెలిస్తే.

అత్తయ్యగారు ఆ విషయం తీర్మానాల పుస్తకంలో రాయించారు. నోటిమాటగా కాదు, తేదీతో, ఎవరు బాగుచేయించాలో పదవి పేరుతో సహా. తల్లులంతా సంతకాలు పెట్టారు. రెండు రోజులకి ఫోను వచ్చింది. ఎవరికి? ఆవిడకి కాదు, మా ఆయనకి. "అమ్మగారికి కాస్త చెప్పండి సార్, పెద్దావిడ, ఈ రాతకోతలు ఎందుకు, మేం చూసుకుంటాం కదా" అని.

అరవై నాలుగేళ్ళ మనిషి. ఈ ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి. తన పెన్షన్ తనే తెచ్చుకుంటుంది, తన ఓటు తనే వేస్తుంది. ఆవిడ మీద ఫిర్యాదు మాత్రం కొడుక్కి చెప్పాలి! చిన్నప్పుడు తండ్రికి, పెళ్ళయ్యాక భర్తకి, ముసలితనంలో కొడుక్కి. మనం ఎన్ని డిగ్రీలు చదివినా, ఎన్నేళ్ళు జీతం తెచ్చినా, మన గురించి మాట్లాడాలంటే ఇంటి మగవాడి నంబరే వెతుకుతారు. మా ఆయన మంచివాడే. అయినా భోజనాల దగ్గర ఆ మాట మోసుకొచ్చాడు. "అమ్మా, మనకెందుకులే" అన్నాడు. నేను ఒకటే అన్నాను. "ఫోను రావాల్సింది ఆవిడకి. ఆ నంబరు ఆవిడకివ్వండి." ఇచ్చాడు. ఆవిడ చేయి కడుక్కుని వచ్చి, ఆ నంబరుకి తనే చేసి, "నమస్కారమండీ, నాతో మాట్లాడాలన్నారట. మోటారు ఏ తేదీకి వస్తుందో చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. మోటారు ఇంకా రాలేదు. తేదీ మాత్రం పుస్తకంలో ఉంది. ఆ తేదీ దాటితే పై ఆఫీసుకి కాగితం వెళ్తుంది, పది మంది తల్లుల సంతకాలతో.

చివరగా, అందరూ నా మీద జాలితో అనే మాట. "ఆవిడ బడికి పోతే పిల్లాడితో నీకే కదమ్మా ఇబ్బంది." నాకు పని పెరగలేదని అబద్ధం చెప్పను. ఆవిడ వెళ్ళిన పూట చిన్నాడిని తేవడం, అన్నం పెట్టడం, పడుకోబెట్టడం నా మీదే పడింది కొన్నాళ్ళు. అయితే దానికి మందు అత్తగారిని ఆపడమా? ఇంట్లో ఇంకో ఇద్దరు పెద్ద మనుషులున్నారు. మా మావయ్యగారికి స్కూటరుంది, అపార్ట్‌మెంట్ లిఫ్టు ఒక పూట ఆయన లేకుండా కూడా పైకీ కిందకీ తిరుగుతుంది. ఇప్పుడు ఆ రోజుల్లో మనవడిని ఆయనే తెస్తున్నారు. పిల్లల పెంపకం కోడలిదా అత్తగారిదా అని మనిద్దరికీ తగువు పెట్టి, మిగతావాళ్ళు టీవీ చూసుకునే ఏర్పాటు తరతరాలుగా నడుస్తోంది. నా ఇబ్బందిని అడ్డం పెట్టి ఇంకో ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. నా పేరు మీద ఆ పని చేయడానికి ఎవరికీ నేను అనుమతి ఇవ్వలేదు.

మీ ఇంట్లో రిటైరైన టీచరమ్మ ఉంటే, అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, "హాయిగా రామా కృష్ణా అనుకోండి" అని చెప్పేముందు ఆవిడకి ఏం చేయాలనుందో ఒక్కసారి అడగండి. నిజంగా విశ్రాంతే కావాలంటే అది ఆవిడ హక్కు, ఆవిడ సంపాదించుకున్నదే. కాదు, మీ వీధి బడిలోకి వెళ్ళాలనుంటే మనవడి లంచ్ బాక్స్ ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఇంట్లో ఖాళీగా ఉన్న మగవాళ్ళ చేతిలో పెట్టండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలు మునిసిపల్ బడిలో ఉంటే, కమిటీ మీటింగు ఎప్పుడో అడగండి. ఆ రోజు సాయంత్రం పనికి రాకపోయినా జీతం కోయకండి. మీరే కమిటీలో ఉంటే మాత్రం, చదవకుండా సంతకం పెట్టకండి. చదవడం రాకపోతే గట్టిగా చదివి వినిపించమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.